మీ దగ్గరున్న లెక్కలు మాకూ చూపించండి: పాత నాణేల వేలం సైట్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

పాత నాణేలు, నోట్లు, స్టాంపులను ఆన్‌లైన్‌లో వేలం వేసే సైట్లు నడుపుతున్న వారందరికీ,

నమస్కారం.

నేను నల్గొండ జిల్లా ప్రభుత్వ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నాణేల మీద ఇష్టం ఉద్యోగం కంటే పాతది. మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో, పసుపు గుడ్డలో మూటగట్టిన పదకొండు హాలీ రూపాయలు దొరికాయి. హాలీ అంటే నిజాం రూపాయి. ఇంగ్లీషువాళ్ల రూపాయిని మా వైపు కల్దార్ అనేవాళ్లు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు వచ్చేవని ఆమె చెప్పిన లెక్క నాకింకా గుర్తుంది. ఆ పదకొండింటి మీదా చార్మినార్ బొమ్మే ఉన్నా సంవత్సరాలు వేరువేరు. అవి చదవడం కోసమే అరబ్బీ అంకెలు నేర్చుకున్నాను. అక్కడ పట్టుకున్న పిచ్చి ఈ రోజుకీ వదల్లేదు.

అప్పట్లో నెలకో ఆదివారం పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వెళ్లేదాన్ని. చార్మినార్ దగ్గర గుడ్డ పరుచుకుని నాణేలు అమ్మే పెద్దాయన ఒకరు ఉండేవారు. నాణేన్ని చేతిలోకి తీసుకుని, అంచు తడిమి, రాయి మీద వేసి మోత విని కొనేదాన్ని. "తీస్కపోయి మంచిగ చూస్కో టీచరమ్మా, నచ్చకపోతే మళ్లొచ్చినప్పుడు తెచ్చియ్యి" అనేవారు. రెండుసార్లు తెచ్చిచ్చాను. మారుమాట లేకుండా తీసుకున్నారు.

మీ సైట్లు వచ్చాక నాకు జరిగిన మేలు చిన్నది కాదు. ఇంట్లో కూర్చుని కలకత్తాలోనో ముంబైలోనో ఉన్న నాణెం చూడగలిగాను. కేటలాగులో బొమ్మగా మాత్రమే చూసిన వాటిని పెద్దవి చేసి చూసుకున్నాను. 2018 ఆగస్టులో ఈబే మన దేశంలో తన సైటు మూసేసినప్పుడు నాలాంటి వాళ్లం చాలామందిమి దిక్కులు చూశాం. ఆ తర్వాత మీలో చాలామందిని నమ్ముకున్నాం. ఆ నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు జరిగింది చెబుతాను.

చార్మినార్ రూపాయిల్లో ఒక చిన్న విశేషం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణేల మీద చార్మినార్ గుమ్మంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది. 1911లో ఆయన చనిపోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ఆ చోట 'ఐన్' అనే అక్షరం వేశారు. కొత్త నిజాం మొదటి రోజుల్లో అచ్చైన నాణేల మీద ఆ 'ఐన్' సగమే కనిపిస్తుంది. తర్వాత అచ్చు మార్చి పూర్తి అక్షరం పెట్టారు. పూర్తి 'ఐన్' రూపాయి ఎవరి దగ్గరైనా దొరుకుతుంది. మంచి స్థితిలో ఉన్న సగం 'ఐన్' కోసం మాత్రం నేను ఏళ్ల తరబడి వెతికాను.

రెండేళ్ల కింద మీలో ఒకరి సైటులో అది కనిపించింది. ఫోటో స్పష్టంగా ఉంది. పద్నాలుగు వేల రెండు వందల దాకా పాడి గెలిచాను. పార్సిల్ వచ్చింది. తూకం వేశాను. ఈ రూపాయి 11.18 గ్రాములు ఉండాలి, ఉంది. వెండి వెండే, అంచూ సరిగ్గానే ఉంది. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద పెట్టాక గుండె జారింది. గుమ్మం లోపల లోహాన్ని సన్నటి ఉలితో గీకి పూర్తి 'ఐన్'ని సగం చేశారు. గీకిన చోట నేల గరుకుగా, మిగతా చోట్ల నున్నగా ఉంది. నూరేళ్లు దాటిన అసలు నాణేన్ని పాడుచేసి దాన్నే నకిలీగా మార్చారు. డబ్బు పోయినందుకు ఎంత బాధపడ్డానో, ఆ రూపాయిని చూసి అంతకంటే ఎక్కువ బాధపడ్డాను.

ఫిర్యాదు పెట్టాను. పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో పంపమన్నారు. అదృష్టం, తీశాను. అప్పుడు "నాణెం అసలుదా కాదా అన్నది అభిప్రాయభేదం, అమ్మినవారితో మాట్లాడుకోండి" అన్నారు. అమ్మినతను జవాబివ్వలేదు. మళ్లీ రాస్తే, సరుకు అందిన 48 గంటల్లోపే రిటర్న్ అడగాలని, గడువు దాటిందని చెప్పారు. ఆ గడువు మీ సమాధానాల కోసం ఎదురుచూస్తుండగానే దాటింది. నాకు వచ్చిన తొమ్మిది మెయిళ్లలో ఏడు ఒకే అచ్చు. మనిషి రాసినట్టున్న రెండింట్లోనూ ఒకే మాట: మేము వేదిక మాత్రమే, అమ్మకానికి మా బాధ్యత లేదు.

ఈ మాట మీ అందరి నియమాల్లోనూ ఉంది. చదివి, అర్థం చేసుకునే రాస్తున్నాను. కొన్నవాళ్ల దగ్గర ప్రీమియం, అమ్మినవాళ్ల దగ్గర కమీషన్, దాని మీద జీఎస్టీ తీసుకుంటున్నారు. పాట ఎంత పైకి పోతే మీ వాటా అంత పెరుగుతుంది. అలాంటప్పుడు పాటలో ఏం జరిగిందో మాకు తెలియదు అంటే ఎలా ఒప్పుకోవాలి? 2020 జూలైలో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రతి సైటుకూ ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన పేరు, ఫోన్ నంబరు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 48 గంటల గడువు మాకు పెట్టారు సరే, మీకూ చట్టం పెట్టింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం పాట సంగతి.

మన ఊళ్లలో వేలం ఎలా జరుగుతుందో మీకు తెలియంది కాదు. చెరువు చేపలకైనా, చింతచెట్ల కాపుకైనా, గుడి ముందు కొబ్బరికాయల దుకాణానికైనా అందరూ ఒకచోట కూర్చుంటారు. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలైంది, ఇప్పుడు లక్షల్లో నడుస్తోంది. అక్కడ ఎవరు పాట పెంచారో ఊరంతా చూస్తుంది. "ఒకటోసారి, రెండోసారి" అన్నప్పుడు మూడోసారికి ముందు గొంతెత్తింది ఎవరో తెలుస్తుంది. అమ్మేవాడి బావమరిది లేచి పాడితే పక్కనున్నవాళ్లే పట్టుకుంటారు. మీ దగ్గర పాడేవాళ్ల పేరులో మొదటి అక్షరం, చివరి అంకె తప్ప మిగతావన్నీ చుక్కలే.

మహబూబ్ అలీ ఖాన్ అర్ధ రూపాయి ఒకటి మరో సైటులో వచ్చింది. 2,500తో మొదలైంది. నేను గరిష్ఠంగా 9,000 పెట్టి వదిలేశాను. నా తరఫున మీ సిస్టమే అవసరమైనంత మేరకు పెంచుతుందని, నా గరిష్ఠం ఇంకెవరికీ కనపడదని మీ మాట. చివరి అరగంటలో ఒకే మనిషి వంద వంద చొప్పున పెంచుకుంటూ వచ్చాడు. నా 9,000 తగిలాక 9,100 వేసి ఆగిపోయాడు, అతనే గెలిచాడు. పోతే పోయిందనుకున్నాను. రెండో రోజు అమ్మినతని నుంచి మెసేజ్ వచ్చింది: "గెలిచినాయన డబ్బు కట్టలేదు మేడం, మీరు పాడిన 9,000కే ఇస్తాను." నేను వద్దన్నాను. పది రోజుల తర్వాత అదే నాణెం మళ్లీ వేలానికి వచ్చింది. రెండో మినార్ కింద చిన్న నొక్కు ఉంది, దాన్ని బట్టి గుర్తుపట్టాను. ఈసారి కూడా అదే అక్షరం, అదే అంకె ఉన్న మనిషి పాడుతున్నాడు.

ఇది దొంగ పాటా కాదా అని నేను నిరూపించలేను. మీరు నిరూపించగలరు. అమ్మినతనూ ఆ పాటదారూ ఒకే ఫోను నుంచి లాగిన్ అయ్యారా, ఒకే బ్యాంకు ఖాతా వాడారా, ఆ పాటదారు ఎన్నిసార్లు ఆ ఒక్క అమ్మకందారు సరుకు మీదే పాడాడు, ఎన్ని గెలిచి ఎన్నిటికి డబ్బు కట్టలేదు, ఇవన్నీ మీ కంప్యూటర్లలో ఉన్నాయి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలోని 64వ సెక్షన్ వేలం గురించే. తానూ పాడతానని అమ్మేవాడు ముందే చెప్పకపోతే, తాను పాడినా, తన తరఫున ఇంకొకరి చేత పాడించినా అది చట్టవిరుద్ధం. ధర పెంచడానికి బూటకపు పాట పాడితే ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడిది. తొంభై ఏళ్ల కిందటే రాసిపెట్టిన హక్కు ఇది. ఆ హక్కు వాడుకోవాలంటే ఎవరు పాడారో తెలియాలి, ఆ సంగతి మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.

పేర్లు బయటపెట్టమని నేను అడగడం లేదు. ఇంట్లో విలువైన నాణేలున్నాయని లోకానికి తెలియడం ఎవరికీ మంచిది కాదు. ప్రతి పాటదారుకీ మారని ఒక నంబరు ఇవ్వండి. ఆ నంబరు మీద ఎన్ని వేలాలు గెలిచారు, ఎన్నింటికి డబ్బు కట్టారు, ఈ అమ్మకందారు సరుకు మీద నూటికి ఎన్నిసార్లు పాడారు అన్నవి చూపించండి. మిగతాది మేమే చూసుకుంటాం.

దీని వెనకే ఇంకో నష్టం జరుగుతోంది. మీ పాత వేలాల ధరల పేజీనే ఇప్పుడు అందరికీ కేటలాగు. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు నాణెం తీసి మొదట మీ పేజీలో ధర చూస్తారు. ఆ అర్ధ రూపాయి డబ్బు కట్టని వేలం తాలూకు 9,100 ఇప్పటికీ అక్కడ అలాగే ఉంది. దాన్ని చూసి ఇంకొకరు ఎనిమిది వేలు చవకనుకుని కొంటారు. నా రూపాయి పేజీలో "సగం ఐన్, అరుదైనది, 14,200" అని ఉంది. ఫోటో చూసి ఆ గీకుడు ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ నాణేల మీద రాయబోయే వాళ్లకు మీ పేజీలే ఆధారమవుతాయి. డబ్బు కట్టని వేలం పక్కన కట్టలేదని రాయండి. వెనక్కి వచ్చిన నాణెం పక్కన ఎందుకు వచ్చిందో ఒక్క వాక్యం రాయండి. గొడవ వచ్చిన లాట్‌ను, అంటే వేలానికి పెట్టిన ఆ సరుకు పేజీని మాత్రం మొత్తానికి తీసేయకండి. ఫోటో మాయమైతే ఆ నకిలీ రేపు ఇంకో సైటులో కొత్తగా పుడుతుంది.

ఫోటోల గురించి కూడా చెప్పాలి. బొమ్మ వైపు ఒకటి, అచ్చు వైపు ఒకటి ఉంటే చాలదు. మా తెలంగాణ పల్లెల్లో, తండాల్లో ఆడవాళ్లు రూపాయిలకు కొక్కేలు అతికించి దండలు వేసుకునేవాళ్లు. ఆ దండ నుంచి ఊడదీసిన నాణేనికి అంచు మీద టంకం మచ్చ ఉంటుంది, సేకరించేవాళ్లకు దాని విలువ సగానికి సగం తగ్గుతుంది. అంచు ఫోటో లేకపోతే అది కనపడదు. బరువు, అడ్డుకొలత రాయకుండా లాట్ పెట్టనివ్వకండి. ఇంగ్లీషువాళ్ల 1939 రూపాయి అరుదైనదని తెలిసి 1938 రూపాయి మీద చివరి అంకె చెక్కి అమ్ముతున్నారు. తేదీ దగ్గర దగ్గరి ఫోటో ఒకటి ఉంటే ఆ మోసం చాలావరకు ఆగుతుంది. ఇవన్నీ అమ్మేవాడికి ఐదు నిమిషాల పని.

నేను అమ్మడానికి కూడా ప్రయత్నించాను. మోకాళ్ల ఆపరేషన్‌కు డబ్బు అవసరమై, నా దగ్గర రెండేసి ఉన్న నాణేల్లో కొన్ని పెట్టాను. వాటిలో తుగ్రా, అంటే పాలకుడి పేరు అక్షరాలు పెనవేసి వేసిన ముద్ర, ఉన్న రెండు పైల రాగి నాణెం ఒకటి. ఒక్కరోజు కూడా చేతులు మారనట్టు, చాక్లెట్ రంగులో ఉండేది. మూడు వేలకు పోయింది. కొన్నతను "ఫోటోలో ఉన్నట్టు లేదు" అని రిటర్న్ పెట్టాడు. తిరిగి వచ్చిన నాణెం చింతపండుతో తోమి ధగధగ మెరుస్తోంది. పాత రాగికి ఆ రంగు పట్టడానికి దశాబ్దాలు పడుతుంది, తోమితే ఒక్క నిమిషంలో పోతుంది. తర్వాత చూస్తే దాని మీది సంవత్సరం కూడా వేరు! నేను పంపింది ఒక సంవత్సరం, నాకు వచ్చింది ఇంకో సంవత్సరం. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, అంకెలు గుర్తుపెట్టి, కింద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పంపాను. అతనికి డబ్బు అప్పటికే తిరిగిచ్చేశామని, కేసు ముగిసిందని జవాబొచ్చింది. కొన్నప్పుడు నన్ను వీడియో అడిగారు. తిరిగి పంపేటప్పుడు అతన్ని వీడియో ఎందుకు అడగలేదు? ఆ నాణెం ఇప్పుడు ఎవరి దగ్గరుందో నాకు తెలియదు. దాని కోసం ఇప్పటికీ అప్పుడప్పుడు మీ సైట్లు తిరగేస్తుంటాను.

ఇంకో సంగతికి నా సేకరణతో సంబంధం లేదు, కానీ దాన్ని చూస్తూ ఊరుకోలేను. 2012లో మాతా వైష్ణోదేవి బొమ్మతో వచ్చిన ఐదు రూపాయల బిళ్లను మీ సైట్లలో కొందరు ఐదు లక్షలు, పది లక్షలు అని పెడుతున్నారు. చివర 786 ఉన్న పది రూపాయల నోటు మూడు లక్షలట. అవి ఎవరూ కొనరు, కొనలేదు కూడా. కానీ ఆ పేజీ ఉంటే చాలు, మోసగాళ్లు దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో తిప్పుతారు. "చూడండి, ఫలానా వేలం సైటులోనే ఉంది" అంటారు. మా వీధిలో కిరాణా కొట్టు నడిపే ఆయనకు అలాంటి ఫోన్ వచ్చింది. రిజిస్ట్రేషన్ అని మొదట రెండు వేల వంద కట్టించుకున్నారు. తర్వాత జీఎస్టీ అన్నారు, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి అన్నారు. మొత్తం నలభై వేల దాకా కట్టాక ఆ నంబరు పని చేయలేదు. నా దగ్గరికి వచ్చి బిళ్ల చూపించి "నిజంగా దీనికి ఏమీ రాదా మేడం" అని అడిగినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. తమ పేరుతో పాత నాణేలు, నోట్ల మీద రుసుములు అడిగేవాళ్లను నమ్మవద్దని, తాము ఇలాంటి వ్యవహారాలు చేయమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన మీ మొదటి పేజీలో తెలుగులో పెట్టడానికి ఏం అడ్డం?

మన రెండు రాష్ట్రాల్లో రైస్ పుల్లింగ్ పేరుతో, అంటే బియ్యం గింజలను లాక్కునే మహిమ గల పాత నాణెమని, పాత్రని నమ్మించే మోసంతో ఎన్ని కుటుంబాలు మునిగాయో పోలీసు కేసులే చెబుతాయి. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, దేవుడి బొమ్మ ఉన్న 'అణా' బిళ్లలు మీ దగ్గర ఇప్పటికీ పాత నాణేల విభాగంలోనే దొరుకుతున్నాయి. కంపెనీ అలాంటివి ఎన్నడూ ముద్రించలేదు. వాటిని నాణేలని పిలవనివ్వకండి. బొమ్మ బిళ్లలని రాసి అమ్ముకోనివ్వండి.

తవ్వకాల్లో దొరికిన నాణేల గురించి కూడా అడగాలి. "ఇప్పుడే పొలంలో దొరికిన సీసపు నాణేలు, యాభై, శుభ్రం చేయలేదు" అని శాతవాహనుల నాటివి గంపగుత్తగా పెట్టడం చూశాను. పది రూపాయల కంటే విలువైన నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి నిధుల చట్టం అంటోంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటకూడదు. అయినా కొన్ని లాట్ల కింద "ప్రపంచంలో ఎక్కడికైనా పంపుతాం" అని ఉంటుంది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో గోభద, నారన, కంవాయ, సమగోప లాంటి రాజుల నాణేలు దొరికాయి. పురాణాలు ఆ పేర్లు చెప్పలేదు. ఆ నాణేలు అక్కడ దొరికాయని తెలిసింది కాబట్టే ఆ నేలను వాళ్లు ఏలారని చెప్పగలుగుతున్నాం. అదే నాణెం ఊరి పేరు లేకుండా మీ సైటు మీదుగా పోయి ఎవరి డబ్బాలోనో చేరితే, నా విద్యార్థులకు చెప్పాల్సిన పాఠం ఒకటి అక్కడే చచ్చిపోతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో రాయని పురాతన నాణేన్ని వేలంలో పెట్టనివ్వకండి.

నాణెం అసలా నకిలీయా తేల్చుకోవడానికి కొన్నవాళ్లకు కనీసం పదిహేను రోజులు ఇవ్వండి, అంతవరకు డబ్బు మీ దగ్గరే ఆపండి. నల్గొండలో ఉన్న మనిషి నాణెం తెలిసినవాళ్లకు చూపించాలంటే హైదరాబాద్ వెళ్లి రావాలి, వాళ్ల వీలు చూసుకోవాలి. 48 గంటల్లో ఎలా కుదురుతుంది? గొడవ వస్తే తీర్పు చెప్పడానికి నాణేలు తెలిసిన ముగ్గురిని పెట్టుకోండి. మన దేశంలో నాణేల అధ్యయన సంఘం 1910 నుంచి ఉంది. దక్షిణాదిలోనూ జీవితమంతా వీటికే ఇచ్చిన పెద్దలున్నారు. మర్యాదగా పిలిస్తే రాకుండా ఉండరు.

నా రూపాయి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరికీ అమ్మలేదు, అమ్మను. విడిగా ఒక కవర్లో పెట్టి, దాని మీద "గీకినది" అని ఎర్ర ఇంకుతో రాశాను. మీలో ఎవరైనా చూడాలనుకుంటే నా ఖర్చుతోనే ఇన్సూర్ చేసి పంపుతాను. గుమ్మం లోపల ఎడమవైపు, భూతద్దం కింద పెట్టి చూడండి. చూశాక మీ ధరల పేజీలో దాని ఎదురుగా ఏం రాయాలో మీరే నిర్ణయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
నల్గొండ జిల్లా